పెద్దగరిటె నాలుక మీద కాపలా

రైలు పెట్టెలు మరమ్మతు చేసే ఆ కార్ఖానాలో నాలుగు వందల మంది పనిచేసేవారు. వాళ్ళలో సగం మందికి మేనేజరు ఎవరో సరిగ్గా తెలియదు గానీ, క్యాంటీన్‌లో వండే పెద్దగరిటె తెలియనివాడు లేడు. మనిషి పొట్టి, చేతిలో గరిటె పొడుగు. దూరం నుంచి చూస్తే గరిటె ముందు నడుస్తుంటే ఆవిడ వెనక వస్తున్నట్టుండేది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పొయ్యిల ముందే నిలబడింది. ఇంకెవరైనా అయితే పుస్తకం చూసి, తక్కెడ పెట్టి వండేవాళ్ళు. ఆవిడ కొలతలన్నీ నాలుక మీదే ఉండేవి. ఒక్కో గుండిగలో చెంచా ముంచి, నోట్లో వేసుకుని, కళ్ళు సగం మూసి, పిడికెడు ఇటో అటో వేసేదంటే ఇక దానికి తిరుగు లేదు.

ఆ నాలుకకు రుచి ఎంత తెలుసో మాట కూడా అంత తెలుసు. ఒకసారి క్రేన్ నడిపేవాడు కూరలో ఉప్పు తక్కువైందన్నాడు. వరసగా మూడు రోజులు అతని కంచం పక్కన ఉప్పు పొట్లం విడిగా పెట్టి, "కలుపుకో నాయనా, నీకు తెలిసినంత నాకు తెలియదు" అంది. నాలుగో రోజు అతను వచ్చి దండం పెట్టాడు.

ఆవిడ మొగుడు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. పదవీ విరమణ అయి రెండేళ్ళయింది. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఎవరితో మాట్లాడినా మొహంలోకి కాదు, చేతుల్లోకి చూసి మాట్లాడేవాడు. ఇంట్లో ఆయన ఎడ్డెమంటే ఆవిడ తెడ్డెమనేది. అయినా పొద్దున్న ఆరింటికి ఆవిడ పనికి వెళ్ళిపోయేది, సాయంత్రం వచ్చేసరికి ఇద్దరికీ కొట్లాడే ఓపిక ఉండేది కాదు. కాపురం అలా నడిచిపోయింది.

జబ్బు ఒక ఉదయం పదకొండు గంటలకు వచ్చింది. దవడ లాగుతుంటే పన్ను నొప్పి కాబోలనుకుంది. చెమట పట్టింది. పొయ్యి ముందు చెమట పట్టడం ఒక వింతా? ఎడమ చెయ్యి బరువెక్కితే గుండిగ ఎత్తినందుకనుకుంది. పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న రెండో వంటామె మాత్రం అనుమానపడింది. ఆమె పొడగరి, నెమ్మదస్తురాలు. ఉల్లిపాయ ముక్కలు లావుగా కోస్తున్నా పది నిమిషాలుగా ఒక్క తిట్టు కూడా వినపడకపోయేసరికి తలెత్తి చూసింది. పెద్దగరిటె గోడకు ఆనుకుని, గరిటెను కర్రలా పట్టుకుని నిలబడి ఉంది. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి.

కార్ఖానా వ్యానులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మణికట్టు దగ్గర నుంచి సన్నని గొట్టం లోపలికి పంపి, గుండెకు రక్తం వెళ్ళే దారిలో రెండు చోట్ల స్టెంట్లు పెట్టారు. నాలుగో రోజు ఇంటికి పంపుతూ డాక్టరు మందులు ఒక్క పూట కూడా మానొద్దని గట్టిగా చెప్పాడు. ఏం తినాలో, ఏం తినకూడదో అచ్చువేసిన కాగితం నర్సు ఇచ్చింది. పెద్దగరిటె చెయ్యి చాపేలోపే ఇన్‌స్పెక్టరు దాన్ని అందుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు నుంచి వంటిల్లు ఆయన చేతుల్లోకి పోయింది.

వాళ్ళది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటింట్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. ఆవిడ మంచం మీద పడుకుని ఉండగానే ఆయన అలమారలోని సీసాలూ డబ్బాలూ ఒక గోనెసంచిలో వేసి కింది ఇంటివాళ్ళకు ఇచ్చేశాడు. ఉప్పు డబ్బాను మాత్రం తన పాత యూనిఫారం ఉన్న ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నూనె సీసా కూడా దాని పక్కనే చేరింది. పొద్దున్న నీళ్ళలో ఉడికించిన ఓట్స్. మధ్యాహ్నం ఉడికించిన క్యాబేజీ, ఉడికించిన క్యారెట్, చిన్న గిన్నెడు అన్నం. సాయంత్రం ఎండు రొట్టెలు రెండు, ఉడికించిన చిక్కుళ్ళు. దేని మీదా ఉప్పు రాయి పడింది లేదు. కంచం ముందు పెట్టి, గడియారం చూసి, నోటుపుస్తకంలో ఏం పెట్టాడో ఎన్ని గంటలకు పెట్టాడో రాసుకునేవాడు.

మొదటిరోజు ఆవిడ కంచంలోకి చూసి, "ఇదేంటి?" అంది.

"క్యాబేజీ."

"అదేం తప్పు చేసిందని ఇలా చంపారు?"

ఆయన నవ్వలేదు. తినమని చేత్తో సైగ చేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నాలుగు వందల మందికి వండిపెట్టిన మనిషి కూర్చుని ఆ తడిబట్టలాంటి ఆకును నమిలింది. నమిలే కొద్దీ కడుపులో ఆకలి చల్లారలేదు గానీ మంట పుట్టుకొచ్చింది. నూనె ఒక్క చెంచా వేసి వేయించమని అడిగింది. కాగితంలో వద్దని ఉందన్నాడు. ఆ కాగితం చూపించమంటే, నువ్వు చూస్తే నీకు కావలసినట్టు అర్థం చెప్పుకుంటావన్నాడు. చేప వండమంటే కొవ్వన్నాడు. బజారు నుంచి నాలుగు బాదం గింజలు తెమ్మంటే అందులోనూ నూనె ఉంటుందన్నాడు.

ఆదివారాలు కూతురు వచ్చేది. ఆమె బట్టలు కుట్టే దుకాణంలో పనిచేసేది. తల్లీ తండ్రీ ఒకరి తర్వాత ఒకరు ఆమెను పక్కకు లాక్కెళ్ళి ఫిర్యాదు చేసేవారు. కూతురు, నాన్న చేసేది నీ మంచికేనంటే తల్లి అగ్గిమీద గుగ్గిలమయ్యేది. కాస్త రుచిగా పెట్టమంటే తండ్రి నోటుపుస్తకం తెరిచేవాడు. మూడో ఆదివారం నుంచి ఆమె గుమ్మంలోనే నిలబడి పళ్ళు ఇచ్చి, కుట్టుపని ఉందని వెళ్ళిపోవడం మొదలుపెట్టింది.

రెండు నెలలకు డాక్టరు పనిలోకి వెళ్ళొచ్చన్నాడు, బరువులు ఎత్తకుండా. పెద్దగరిటె ఆ పొద్దున్న తెల్లవారకముందే తయారై కూర్చుంది. క్యాంటీన్‌లోకి అడుగుపెట్టగానే వేగుతున్న ఉల్లిపాయల వాసన మొహానికి తగిలింది. మాంసం కూర గుండిగలో చెంచా ముంచి నోట్లో వేసుకుంటే, రెండు నెలలుగా చచ్చి పడున్న నాలుక లేచి కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో వంటామె చూడకుండా మొహం తిప్పుకుంది. ఇంకో చెంచా వేసుకుంది. రుచి చూడటం ఆవిడ పని, అది తిండెలా అవుతుంది? బంగాళాదుంపలు వేయించిన మూకుడు అడుగున కరకరలాడే ముక్కలు మిగిలాయి. అవి ఎలాగూ పారేసేవే. పారేసేదాన్ని నోట్లో వేసుకుంటే లెక్కలోకి రాదనుకుంది.

సాయంత్రం ఇంటికి వస్తే ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సంచి తీసుకుని లోపల చెయ్యి పెట్టి చూశాడు. ఆ తర్వాత, "నోరు తెరు" అన్నాడు. బస్సెక్కి టికెట్ చూపించమన్నట్టే ఉంది ఆ గొంతు.

ఆవిడ పళ్ళు బిగించి ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. ఆయన వెంట వచ్చి వేళ్ళ వాసన చూశాడు. నూనె వాసన వస్తోందన్నాడు. వంటమనిషి చేతులు గులాబీల వాసన రావాలా అని ఆవిడ అడిగింది. ఆ రాత్రి ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి పడుకున్నారు.

తర్వాతి వారం ఆయన క్యాంటీన్‌కే వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ. రెండు వందల మంది కంచాలు పట్టుకుని వరసలో ఉన్నారు. గేటు కాపలావాడికి ఏం చెప్పి లోపలికి వచ్చాడో గానీ, ఇన్‌స్పెక్టరు ఆ వరస చివర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ చూడలేదు. రెండో విడత కూర దించుతూ చెంచా నోటి దగ్గర పెట్టుకుంది.

"ఎనిమిది" అన్నాడు ఆయన.

బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేలా మాట్లాడిన గొంతు అది. వరస మొత్తం వెనక్కి తిరిగింది. ఆయన అందరివైపూ చూసి, ఎవరికో నేరం అప్పజెప్పుతున్నట్టు చెప్పాడు.

"ఈవిడ గుండెకు రెండు స్టెంట్లు పెట్టారండీ, మొన్నీమధ్యే. నేను నిలబడ్డ పావుగంటలో మీ ముందే ఎనిమిది చెంచాలు తింది. ఇంటికొచ్చి ఏమీ తినలేదంటుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పాకింది. క్రేన్ నడిపేవాడు తల దించుకున్నాడు గానీ అతని భుజాలు కదులుతున్నాయి. పెద్దగరిటె చెంచాను బల్ల మీద పెట్టింది. గుండిగ మీద మూత పెట్టింది. ఆ క్యాంటీన్‌లో ఆవిడ ఒక మాటకు జవాబు చెప్పకపోవడం అదే మొదలు. రెండో వంటామె వచ్చి గరిటె అందుకుని వడ్డించడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ ఒక్క మాటే చెప్పింది. "ఇక మీరు నాతో మాట్లాడొద్దు."

"మాట్లాడకపోయినా తిండి తినాలి" అన్నాడు ఆయన, కంచం ముందు పెడుతూ.

ఆ పూట ఆవిడ ముట్టలేదు, ఆ తర్వాత కూడా కడుపునిండా తినలేదు. సగం తిని సగం తోసేసేది. పనిలోనూ పంతం పట్టింది. చెంచా ముట్టుకోవడం మానేసి, రుచి రెండో వంటామెనే చూడమంది. నలుగురిలో తల తీసినట్టు చేసిన మనిషికి తను తినకుండా చచ్చి చూపించినా తప్పులేదనిపించేది ఒక్కోసారి. మందులు మాత్రం వేసుకునేది, ఎందుకంటే వాటిని ఆయన కళ్ళముందే మింగాల్సి వచ్చేది. ఉప్పు లేదు, సరైన తిండి లేదు, రక్తపోటు తగ్గించే మాత్రలు మాత్రం వేళ తప్పకుండా పడుతున్నాయి. మెట్లెక్కుతుంటే కళ్ళు బైర్లు కమ్మేవి. చీర కుచ్చిళ్ళు జారుతుంటే పిన్నీసు పెట్టుకునేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన నోటుపుస్తకంలో రాసుకుంటాడు.

మూడు వారాల తర్వాత, మరిగే నూనె ముందు నిలబడి ఉండగా తల తిరిగింది. చేతిలో గరిటె జారి మూకుట్లో పడింది. నూనె ఎగిరి రెండో వంటామె మోచేతి కింద పడి, చూస్తుండగానే బొబ్బలెక్కింది. మేనేజరు వచ్చాడు. కోప్పడలేదు. అంతకంటే పెద్ద పనే చేశాడు. ఆవిడకు పొయ్యిల దగ్గర పని వద్దని, వెనక గదిలో స్టూలు వేసుకుని బంగాళాదుంపల తొక్క తియ్యమని, వంట రెండో వంటామెకు అప్పజెప్పమని చెప్పి వెళ్ళాడు.

తొక్క తీసే గదికి కిటికీ లేదు. పెద్దగరిటె పొద్దున్నుంచి సాయంత్రం దాకా బకెట్ల మధ్య కూర్చుని దుంపలు గీకేది. ఆ దుంపలన్నీ ఎవరి మొహంలా కనిపించేవో వేరే చెప్పనక్కర్లేదు. చేతికి కట్టు కట్టుకున్న రెండో వంటామె రోజుకోసారి తలుపు దగ్గరకు వచ్చి, "అక్కా, ఉప్పు సరిపోయిందో లేదో ఒక్కసారి చూస్తావా?" అని అడిగేది. నన్ను చూడొద్దన్నారుగా అని తల ఎత్తకుండానే చెప్పేది ఆవిడ. ఆమె తప్పేమీ లేదని తెలుసు. తెలిసినా తన గరిటె ఆ పొడుగు చేతిలో చూస్తుంటే ఒళ్ళు మండేది.

తల తిరిగిందని మేనేజరు రాసిచ్చిన చీటీతో మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్టరు కూడా బయలుదేరాడు. వరండాలో మధ్యన ఒక కుర్చీ ఖాళీగా వదిలి ఇద్దరూ కూర్చున్నారు. డాక్టరు రక్తపోటు చూసి, మరీ కిందికి ఉందని ఒక మాత్ర సగానికి తగ్గించాడు. తొమ్మిది కిలోలు ఎలా తగ్గారని అడిగాడు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టేసరికి, చెయ్యి అడ్డం పెట్టి, వరండా చివర గదిలో ఉన్న డైటీషియన్ దగ్గరికి పంపాడు.

డైటీషియన్‌కు ముప్ఫై ఐదేళ్ళుంటాయి. పొద్దున్నుంచి ఒకే పాట పాడి గొంతు అరిగిపోయినట్టుంది. రోజూ ఏం తింటున్నారని అడిగింది. ఇన్‌స్పెక్టరు ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు నోటుపుస్తకం తీసి ఇచ్చాడు. ఆమె పేజీలు తిప్పింది. చాలాసేపు తిప్పింది.

"ఈ తిండి ఎవరు రాసిచ్చారండీ?"

"మీరే. మీ కాగితమే." ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

ఆమె పెన్సిలు మొనతో ఒక వరస చూపించింది. "రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచా దాటకూడదని ఉంది. అసలు వెయ్యొద్దని ఎక్కడుంది?"

"తక్కువ మంచిదంటే, అసలు లేకపోవడం ఇంకా మంచిది కదా."

"నూనె మూడు నాలుగు చిన్న చెంచాలు వాడొచ్చని ఉంది. చేప వారానికి రెండుసార్లు. బాదంలాంటి గింజలు రోజూ గుప్పెడు. ఇవేవీ మీ పుస్తకంలో లేవే?"

"వాటిలో కొవ్వుంటుంది."

"ఆ కొవ్వు ఆవిడకు కావాలి. వద్దన్నది మాంసంలో కొవ్వు, వెన్న, మళ్ళీ మళ్ళీ కాచిన నూనె. మీరు ఆవిడకు పథ్యం పెట్టలేదు, పస్తు పెట్టారు."

పెద్దగరిటెకు మూడు నెలల తర్వాత మొదటిసారి కడుపు నిండినట్టనిపించింది. మొగుడి మొహం చూడటానికి కుర్చీ కొంచెం జరుపుకుంది కూడా. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. డైటీషియన్ ఇటు తిరిగి, జబ్బుకు ముందు ఏం తినేవారని అడిగింది. నేను పనిలో ఏమీ తినను, మధ్యాహ్నం ఒక్క రొట్టె, అంతేనని ఆవిడ చెప్పింది. అది అబద్ధం కాదు, ఆవిడ అలాగే నమ్మింది. రుచి చూస్తారా అని అడిగింది ఆమె. వంటన్నాక చూడనా అంది ఆవిడ. ఎన్నిసార్లు?

ఎన్నడూ ఎంచలేదు. వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. సూపు మూడుసార్లు. కూర ఉడికేటప్పుడు రెండు, దించేటప్పుడు రెండు. చిక్కుళ్ళు, వేపుడు. ఇవన్నీ ప్రతి విడతకూ, రోజుకు మూడు విడతలు. ఏళ్ళ తరబడి ఆవిడ వాడింది టీ చెంచా కాదు, వడ్డించే చెంచా. డైటీషియన్ నీళ్ళ జగ్గు ముందుకు లాగి, పెద్ద చెంచాతో ఖాళీ గ్లాసులోకి పోస్తూ ఎంచింది. ఒక గ్లాసు నిండింది. రెండోది నిండింది. మూడోది సగం అయ్యాక ఆపింది.

"ఇదంతా ఉప్పూ కొవ్వూ ఉన్న కూర అనుకోండి. రోజూ. ఇది మీరు తినని తిండి."

ఆవిడకు ఆ మనిషి చేతిలోని చెంచా లాక్కుని కిటికీలోంచి విసిరేయాలనిపించింది. పక్కన మొగుడు గొంతు సవరించుకున్నాడు. ఆయన వైపు చూస్తే గనక ఏం జరిగేదో, అందుకే గోడకున్న క్యాలెండర్ వైపు చూసింది.

"మీ ఇద్దరి గొడవ నాకనవసరం. వచ్చే నెల బరువు కాస్త పెరిగి, రక్తపోటు సరిగ్గా ఉండి రండి, చాలు" అని డైటీషియన్ తర్వాతి పేషెంటును పిలిచింది.

గది బయటికి రాగానే పెద్దగరిటె చెయ్యి చాపింది. ఇన్‌స్పెక్టరు ఒక్క నిమిషం నిలబడి, కాగితం ఆ చేతిలో పెట్టాడు. బస్సులో ఇంటికి చేరేదాకా ఆవిడ దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రెండుసార్లు చదివింది. ఇల్లు చేరగానే వంటింటి గుమ్మంలో నిలబడి, "పెట్టె తాళంచెవి ఇవ్వండి. ఇచ్చి, వంటింట్లోకి రాకండి" అంది. ఆయన ఇచ్చాడు. ఉప్పు డబ్బా తెచ్చి, చిన్న చెంచాతో కొలిచి ఒక గిన్నెలో పోసి, గట్టు మీద పెట్టింది. ఇద్దరికీ కలిపి రెండు చెంచాలు. రోజంతటికీ అదే. అయిపోతే అయిపోయినట్టే.

మొదటి వారం వండినదేదీ నోట పెట్టుకునేలా లేదు. నాలుకను నమ్మి బతికిన మనిషికి నాలుక అడిగింది ఇవ్వకుండా వండటం చెయ్యి కట్టేసుకుని ఈదినట్టుంది. ఒకరోజు చిక్కుళ్ళ గిన్నెను సింకులో బోర్లించి వెక్కి వెక్కి ఏడ్చింది, బాధతో కాదు, కోపంతో. తర్వాత మళ్ళీ పొయ్యి వెలిగించింది. చెంచాడు నూనెలో ఉల్లిపాయలను సన్నని సెగ మీద అరగంట వేగనిచ్చింది. వెల్లుల్లిని ఉత్త పెనం మీద కాల్చింది. టమాటాలను నీరంతా ఇగిరి చిక్కబడేదాకా ఉడికించింది. మిరియాలు అప్పటికప్పుడు దంచింది. చేప మీద నిమ్మకాయ పిండింది. ఉప్పును ఉడికేటప్పుడు వేస్తే లోపలెక్కడో కలిసిపోతుందని, దించాక పైన చల్లితే ముందు నాలుకకే తగులుతుందని, సగం ఉప్పుతోనే సరిపోతుందని పదిరోజుల్లో కనిపెట్టింది. ఇన్‌స్పెక్టరు వండినది వండినట్టు తిన్నాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నోటుపుస్తకం మాత్రం మళ్ళీ తెరవలేదు.

ఒక శనివారం బట్టలు ఉతకడానికి ఆయన ప్యాంటు తీస్తే బెల్టు దానితో పాటే వచ్చింది. బెల్టుకు పాత రంధ్రాలు కాక, మేకుతో పొడిచిన కొత్త రంధ్రాలు మూడున్నాయి. దాన్ని పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. ఆయన్ని సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో ఏమో, మెడ దగ్గర చొక్కా వదులై వేలాడుతోంది.

"మీకేం జబ్బు?"

"ఏమీ లేదు."

"మరి ఇవేంటి?"

ఆయన బెల్టు వైపు చూశాడు. "నువ్వు తినకూడనిది నేను తింటానా?"

మూడు నెలలు ఆ చచ్చిన క్యాబేజీ, ఆ ఎండు రొట్టెలు ఆయన కూడా తిన్నాడు. ఆవిడ పనికి వెళ్ళాక ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. ఆ మాట విని ఆవిడ కరగలేదు. కోపం రెట్టింపైంది. తను అంత హాయిగా ద్వేషిస్తున్న మనిషి అందులోనూ వాటా అడుగుతున్నట్టనిపించింది.

"నేనడిగానా మిమ్మల్ని?"

"ఆ రోజు నిన్ను లోపలికి తీసుకెళ్ళాక రెండు గంటలు తలుపు బయట కూర్చున్నాను. ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు. ఇంటికి పంపేటప్పుడు నా చేతికి దొరికింది ఆ కాగితం ఒక్కటే" అన్నాడు ఆయన, నేలవైపు చూస్తూ.

"అందుకని నలుగురిలో నా పరువు తీస్తారా?"

ఆయన తలెత్తాడు. "ఎనిమిది చెంచాలు తిన్నావు" అన్నాడు.

ఆవిడ బెల్టు విసిరికొట్టింది. అది ఆయన భుజానికి తగిలి కింద పడింది. ఆయన వంగి తీసుకుని పెట్టుకున్నాడు, మూడో కొత్త రంధ్రంలో.

రక్తపోటు కుదురుకున్నాక డాక్టరు రాసిచ్చిన చీటీ తీసుకుని పెద్దగరిటె మేనేజరు బల్ల ముందు నిలబడింది. తొక్క తీసే గదిలోకి ఇక అడుగుపెట్టనని, పొయ్యి ఇవ్వకపోతే ఇంటికి పంపమని చెప్పింది. మేనేజరు రెండో వంటామెను పిలిచి అడిగాడు. ఆమె కట్టు విప్పిన చేతిని చూసుకుంటూ, అక్క ఉంటేనే తనకు ధైర్యమంది. ఒప్పందం కుదిరింది. వండేది పెద్దగరిటె, రుచి చూసేది రెండో వంటామె. కొలతకు తక్కెడ.

తక్కెడ అంటే ఆవిడకు పరమ అసహ్యం. అయినా ఒకరోజు కుతూహలం కొద్దీ తన పిడికిలితో ఉప్పు తీసి అందులో వేసింది. మళ్ళీ తీసి వేసింది. అయిదుసార్లూ ముల్లు ఒకేచోట ఆగింది. ఆ గర్వంతో కాసేపు పొంగిపోయి, ఆ తర్వాత గుండిగకు ఎన్ని పిడికిళ్ళు వేస్తుందో, ఎంతమంది తింటారో లెక్క కట్టింది. ఒక మనిషి రోజంతా తినాల్సిన ఉప్పు తను ఒక్క మధ్యాహ్నమే పెడుతోంది. పెయింటు పనివాడు ఒకడు పోయినేడాది ఆ వరసలోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. వాడు మూడుసార్లు వడ్డించుకునే మనిషి.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒప్పుకోరని తెలుసు. రుచి చూసే రెండో వంటామె మాత్రం గ్రహించి ఊరుకుంది. వారానికి కొంచెం చొప్పున ఉప్పు తగ్గిస్తూ, ఉల్లిపాయలు ఇంకాస్త వేయిస్తూ, నిమ్మకాయలు ఇంకో బుట్ట తెప్పిస్తూ పోయింది. మూడు నెలల్లో పిడికిళ్ళు మూడో వంతు తగ్గాయి. ఒక్కడూ కనిపెట్టలేదు. వేయించిన బంగాళాదుంపలు వారానికి ఒక్కరోజుకు కుదించినప్పుడు మాత్రం క్యాంటీన్ మండిపోయింది. క్రేన్ నడిపేవాడు ముందు నిలబడి, నీకు జబ్బొస్తే మేమెందుకు పథ్యం చెయ్యాలని అడిగాడు. వెనక ఉన్నవాళ్ళు కంచాలు బల్లలకేసి కొట్టారు. పెద్దగరిటె గరిటె దించకుండా, వేపుడు కావాలంటే గేటు బయట దొరుకుతుంది, అక్కడ మూడు రోజుల నాటి నూనె ఉచితమని చెప్పింది. రెండు వారాలు ఆవిడతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడకది పెద్ద లోటనిపించలేదు.

ఏడాది తిరిగాక చేసిన పరీక్షల్లో అన్నీ బాగున్నాయని డాక్టరు చెప్పాడు. రక్తంలో చెడ్డ కొవ్వు సగానికి దిగింది. మాత్రలు మామూలుగా కొనసాగించమని చెప్పి, ఇంత క్రమంగా తిన్నది ఎవరి పుణ్యమని మాటవరసకు నవ్వుతూ అడిగాడు. ఇన్‌స్పెక్టరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మొదటి మూడు నెలలు తనే చూసుకున్నానన్నాడు. ఆ మూడు నెలల వల్లే పొయ్యి ముందు తల తిరిగిందని ఆవిడ అంది. డాక్టరు కాగితాల్లోకి చూస్తూ వాళ్ళిద్దరూ వెళ్ళేదాకా మళ్ళీ తలెత్తలేదు.

ఆవిడ ఇంకో నాలుగేళ్ళు ఆ పొయ్యిల ముందు పనిచేసి దిగిపోయింది. గరిటె రెండో వంటామెకు ఇస్తూ, ఉప్పు పెంచితే వచ్చి చెయ్యి విరగ్గొడతానంది. ఇప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ రోజంతా ఇంట్లోనే ఉంటారు. ఆవిడ వండుతుంది, ఆయన గిన్నెలు కడుగుతాడు, ఆవిడ కడిగిన గిన్నెలు మళ్ళీ కడుగుతుంది. చేప ఏ బజారులో కొనాలన్న దగ్గర నుంచి కిటికీ ఎంత తెరవాలన్న దాకా పోట్లాట ఆగదు. కూతురు మళ్ళీ ఆదివారాలు కూర్చుని భోంచేసి వెళుతోంది. మొన్న గిన్నెలు సర్దుతూ, నాన్న క్యాంటీన్‌కు వచ్చిన సంగతి ఇంకా మనసులో ఉందా అమ్మా అని అడిగింది.

"ఉండదా?" అంది పెద్దగరిటె. "బాగుపడింది గుండె. అది వేరే సంగతి."

ముందు గదిలో ఇన్‌స్పెక్టరు విన్నాడు. పేపరు పేజీ తిప్పాడు. ఆవిడ రెండు కంచాల్లో చేప వడ్డించి, ఒకటి ఆయన ముందు ఠప్పున పెట్టి, రెండోది తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది.